పసుపుపచ్చ పొడి వెనుక మనిషి
మేకపిల్లను సాకేవాళ్ళు తెలుసుకోవలసిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

మొన్న వానాకాలంలో, నాట్లు పడ్డాక, కమాన్‌పూర్‌లో ఒక కూలి కుటుంబం మేకపిల్లను కొన్నది. నాటు కూలి పైసలు కొన్ని, చేబదులు కొన్ని కలిపి కొన్న పిల్ల. ఇంట్లో పిల్లలు దానికి పేరు పెట్టుకున్నారు, మెడలో గంట కట్టారు. పెద్దవాళ్ళ లెక్క వేరు. ఏడాది తిరిగేసరికి అది ఈనుతుంది, రెండేళ్లకు నాలుగు మేకలవుతాయి, పెద్దపిల్ల చదువుకు అక్కరకొస్తాయి అని. ఒక్క మేకపిల్ల మీద ఒక ఇంటి ఆశ అంత ఉంటుంది.

తెచ్చిన మూడో నాడు దానికి పారుడు పట్టింది. మేము సంఘం పని మీద ఆ వాడకే పోయి ఉన్నాం. ఏం చేద్దామని మమ్మల్ని అడిగారు. ఊరూరా తిరిగే మనిషికి అన్నీ తెలుసని జనం నమ్ముతారు, మేమూ తెలిసినట్టే మాట్లాడాం. ఎవరింట్లోనో మిగిలిన టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ ఉంటే, దాన్ని విప్పి ఆ పసుపుపచ్చ పొడిని బెల్లం నీళ్ళలో కలిపి తాగించమన్నాం. మరునాటికి పిల్ల నెమరు మానేసింది, కడుపు ఉబ్బింది. అప్పుడు పశువుల దవాఖానకు ఎత్తుకుపోయారు. డాక్టరు దాని కంటి రెప్ప మడిచి చూశాడు. రెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉన్నది. కడుపులో పురుగులు నెత్తురు పీలుస్తున్నాయని, ఆ పారుడుకు ఈ పొడి మందు కాదని, పైగా మేక కడుపులో మేతను అరిగించే సూక్ష్మజీవులను ఇది చంపేస్తుందని చెప్పాడు. అయిదో నాడు పిల్ల చచ్చిపోయింది. మేము చెప్పిన మందు వల్లనే పోయిందని డాక్టరు అనలేదు, ఆ ఇంటివాళ్ళూ అనలేదు. కాని మా మాట ఆ పిల్లకు మేలు చేయలేదు, రెండు రోజుల కాలాన్ని మింగేసింది. అది మా తప్పే.

ఆ తరువాత ఆ పసుపుపచ్చ పొడి పుట్టుక తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాం. దాని వెనుక మన తెలుగువాడే ఉన్నాడు. ఆయన జీవితమంతా చదివినాక, మేము పారేసుకున్నదేమిటో తెలిసింది. ఆయన మందులు మన గుడిసెల దాకా వచ్చాయి, మందు వెనుక ఆయన పట్టుకున్న కొలత మాత్రం రాలేదు. ఆ ముచ్చటే ఈ వారం చెప్పదలచుకున్నాం.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరిలోని భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చాలీచాలని సంసారం, ఇల్లు నిండా పిల్లలు. చదువు మీద మొదట్లో ఈయనకు మనసు నిలువలేదు. డబ్బు సంపాదించాలని, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని బతకొచ్చని చిన్నతనంలోనే ఇల్లు వదిలి పారిపోబోయాడు. తల్లి వెనక్కి పట్టుకొచ్చింది. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. 1913లో తండ్రి పోయాడు. కొడుకు చదువు కోసం తల్లి పుస్తెలు అమ్మిందని ఆయన జీవితం రాసినవాళ్ళు చెప్తారు. చదువు కోసం పుస్తెలు అమ్మిన తల్లులు, మేకలు అమ్మిన తల్లులు మన వాడల్లోనూ ఉన్నారు. కాబట్టి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. స్వరాజ్య ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. గాంధీ పిలుపు విని విదేశీ బట్ట విడిచి, ఆపరేషన్ గదిలోకి ఖద్దరు అంగీతో పోయాడు. సర్జరీ చెప్పే తెల్లదొర ప్రొఫెసరుకు అది కిట్టలేదు. పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. సర్కారు వైద్య కొలువు దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలో శరీర శాస్త్రం చెప్పే పనికి కుదిరాడు.

ఈ మధ్యనే ఇంటి మీద పిడుగు పడింది. అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే రోగంతో పోయారు. ఈ రోగంలో పేగులు తిన్నదాన్ని పట్టుకోవు. మనిషి పారి పారి, నెత్తురు పలచబడి, ఎండిపోయి చస్తాడు. సుబ్బారావుకూ అదే రోగం తగిలింది, లక్ష్మీపతి వైద్యంతో బతికి బయటపడ్డాడు. ఆ రోగానికి అసలు కారణమేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. అది తెలుసుకోవాలన్న పట్టుదలే ఆయన్ను అమెరికాకు నడిపించిందని చెప్పవచ్చు.

మామగారు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి చేసిన సాయంతో ఓడ ఎక్కాడు. 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరంలో దిగాడు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల వైద్యం చదవడానికి సీటు దొరికింది కాని కడుపు నింపుకోవడానికి దారి దొరకలేదు. మన ఎల్.ఎం.ఎస్. పట్టా అక్కడ డాక్టరు కొలువుకు చెల్లలేదు. పెద్ద దవాఖానలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పనికి కుదిరాడు. పగలు చదువు, రాత్రి ఆ పని. తరువాతి కాలంలో లక్షల ప్రాణాలు నిలిపిన చేతులు మొదట ఆ పని చేశాయి.

నీలం రంగు చెప్పిన లెక్క

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర పరిశోధనలో చేరాడు. అప్పటికి నెత్తురులో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో తేల్చడం తంటాలతో కూడిన పని. సుబ్బారావు, ఫిస్కే కలిసి సులువైన పద్ధతి తయారుచేశారు. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. 1925లో ఇది అచ్చయింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో ప్రపంచమంతటా ప్రయోగశాలలకు, వైద్య విద్యార్థుల పుస్తకాలకు ఎక్కింది. మనుషుల నెత్తురుకే కాదు, పశువుల నెత్తురుకూ ఇదే కొలత పనికొచ్చింది.

ఆ కొలత చేతికొచ్చాక కండ లోపలికి చూశాడు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని కండలో గుర్తించారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా ఎ.టి.పి.ని కనుక్కున్నాడు. కండ పనిచేయడానికి కావలసిన శక్తి వీటి నుంచి వస్తుంది. నాగలి పట్టే చేతిలోనూ, గోడెక్కి గంతులేసే మేకపిల్ల కాలిలోనూ ఉన్నది ఇదే. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టా వచ్చింది. కాని హార్వర్డ్‌లో ఖాయం కొలువు రాలేదు. ఫిస్కే తన దగ్గర పనిచేసిన సుబ్బారావు కృషిలో కొంత వెలుగు చూడకుండా చేశాడని, వాటిని ఇంకొకరు ఏళ్ళ తరువాత మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని, అక్కడే పరిశోధన చేసి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ తరువాత చెప్పాడు. చేసినవాడి పేరు చెరిగిపోవడం పొలంలోనే కాదు, ప్రయోగశాలలోనూ జరుగుతుంది.

ఇక్కడ మేకలవాళ్ళు ఒక సంగతి పట్టుకోవాలి. కొత్తగా తెచ్చిన పిల్ల మీద ప్రేమ కొద్దీ తవుడు, నూకలు, మక్కలు దోసిళ్ళతో పెడతారు. గింజల్లో, తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. ఈ లెక్క తప్పితే మగపిల్లల మూత్రనాళంలో రాళ్ళు కడతాయి. చిన్నప్పుడే విత్తులు తీయించిన పోతులకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. మూత్రం బొట్టు బొట్టుగా వస్తూ, పిల్ల ముక్కుతూ అరుస్తుంటే మలబద్ధకమని ఆముదం పోయకండి, ఆ పూటే దవాఖానకు తీసుకుపోండి. మూత్రం పూర్తిగా ఆగితే బతకడం కష్టం. ఆకు, ఎండుగడ్డి ప్రధానంగా, గింజ పిడికెడు మాత్రమే, ఎప్పుడూ శుభ్రమైన నీళ్ళు, నాకడానికి కాస్త ఉప్పు ఉంటే ఈ బాధ చాలావరకు రాదు. గింజ ఒక్కసారిగా ఎక్కువ పడితే కడుపులో పులుపెక్కి ఉబ్బి చావడం కూడా ఉన్నదే.

నెత్తురు పలచబడే రోగం

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్కు దగ్గరి పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరాడు. రెండేళ్ళలో అక్కడి పరిశోధన మొత్తానికి అధిపతి అయ్యాడు. అన్నదమ్ములను తీసుకుపోయిన రోగాన్ని మరిచిపోలేదు. కాలేయంలో నెత్తురు పట్టించే గుణమున్నదని అప్పటికి తెలుసు, అందులో ఏ పదార్థం ఆ పని చేస్తుందో తేలలేదు.

ఈ కథలో మన దేశపు కార్మిక స్త్రీలకూ చోటున్నది. 1928 నుంచి కొన్నేళ్ళు లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో పనిచేసింది. బట్టల మిల్లుల కార్మికవాడల్లోని నిండు గర్భిణుల నెత్తురు ఎందుకు పలచబడుతున్నదో పరిశీలించింది. అది తిండి లోపమని, ఈస్ట్ సారం పెడితే మళ్ళీ నెత్తురు పడుతున్నదని చూపింది. ఆమె వెతికిన ఆ పదార్థానికి తరువాత ఫోలిక్ ఆమ్లమని పేరొచ్చింది. సుబ్బారావు నడిపిన బృందం దాన్ని కాలేయం నుంచి విడదీసి, దాని నిర్మాణం తేల్చి, 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ వ్యాసం మీద పది మందికి పైగా పేర్లున్నాయి, అందులో సుబ్బారావుది ఒకటి. స్ప్రూ రోగులకు ఇస్తే లేచి కూర్చున్నారు. ఇవాళ మన ఊళ్ళో ఆశా కార్యకర్త గర్భిణికి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడా వాళ్ళే తయారుచేశారు. వాటిలో ఒకదానితో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పసిపిల్లల నెత్తురు క్యాన్సరును కొన్నాళ్ళపాటైనా ఆపగలిగి, 1948లో ఆ ఫలితం ప్రకటించాడు. క్యాన్సరుకు మందుల వైద్యం మొదలైన తొలి మెట్లలో అది ఒకటి. మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే.

మేకకు ఫోలిక్ ఆమ్లం ఎవరిస్తున్నారు? దాని కడుపే తయారు చేసుకుంటుంది. నెమరువేసే జంతువు పెద్దపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులున్నాయి. అవి గడ్డిని పులియబెట్టి అరిగించడమే కాదు, ఫోలిక్ ఆమ్లం, బి12 లాంటి విటమిన్లు కూడా తయారుచేసి మేకకు ఇస్తాయి. మనం కంపెనీ నుంచి కొనే దాన్ని మేక తన పొట్టలోనే పండించుకుంటుంది. అయితే పుట్టిన పిల్లకు ఈ పొట్ట పనిచేయదు. తల్లి దగ్గర ఆకు కొరుకుతూ పెరిగితే రెండు నెలలకు అది ఒక తీరుకు వస్తుంది. కాబట్టి రెండు, మూడు నెలలు నిండని పిల్లను తల్లి నుంచి విడదీసి కొనకండి. తప్పనిసరై కొంటే పాలతోనే సాకాలి. పిల్ల బరువులో పదో వంతు పాలు, అంటే అయిదు కిలోల పిల్లకు రోజుకు అర లీటరు, నాలుగు పూటలకు పంచి గోరువెచ్చగా పట్టాలి. ఒక్కసారే కడుపునిండా పోస్తే పారుకుంటుంది. పుట్టిన కొద్ది గంటల్లో జున్నుపాలు తాగిందో లేదో అమ్మేవాణ్ణి అడగాలి. ఆ పాలు తాగని పిల్లకు రోగాలను తట్టుకునే బలముండదు.

నెత్తురు పలచబడడం మేకపిల్లకూ పెద్ద గండమే. కాని కారణం వేరు. నాలుగో పొట్టలో చేరే సన్నని దారాల్లాంటి పురుగులు నెత్తురు పీలుస్తాయి. ఒక్కొక్క ఆడ పురుగు రోజుకు వేల గుడ్లు పెడుతుంది. గుడ్లు పెంటికలతో నేల మీద పడి, వానాకాలపు తడిలో పిల్లలై, గడ్డి పరకలకు ఎక్కి, మళ్ళీ మేక నోట్లోకి పోతాయి. అందుకే మంచు ఆరినాక మేపండి, కొమ్మలు కట్టి మోకాలి పైన మేత వేయండి. కింది కంటి రెప్ప మడిచి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉంటే మంచిది, గులాబీ రంగుకు దిగితే జాగ్రత్త, తెల్లగా ఉంటే ప్రమాదం. దవడ కింద నీరు దిగి సంచి లాగా వేలాడుతుంటే ఆలస్యమైనట్టే. సుబ్బారావు గాజుగొట్టంలో నీలం రంగు చూసి లెక్క కట్టాడు. మనం రెప్ప లోపలి ఎరుపు చూసి కట్టవచ్చు. దానికి చదువు అక్కరలేదు, పైసా ఖర్చు లేదు.

పురుగుల మీద పోరు

రెండో ప్రపంచ యుద్ధంలో ఉష్ణదేశాలకు పోయిన అమెరికా సైనికులు బోదకాలు రోగం పాలయ్యారు. అది మనకు తరతరాల రోగం. సైనికులకు వచ్చాకే కంపెనీలకు, ప్రభుత్వాలకు దాని మీద దృష్టి పడిందన్నది కూడా చెప్పుకోవలసిన మాటే. సుబ్బారావు బృందం వందల రసాయనాలను పత్తిచేలలో తిరిగే ఒక జాతి ఎలుకల మీద పరీక్షించి, 1947 నాటికి డైఇథైల్‌కార్బమజైన్ అనే మందును తేల్చింది. హెట్రజాన్ అంటే మన పెద్దలకు తెలుసు. పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు గోలీలు ఇవే.

ఈ మందు పశువైద్యంలోకీ వచ్చింది. గొర్రెలు, మేకలు, పశువుల ఊపిరితిత్తుల్లో చేరి దగ్గు పుట్టించే పురుగులకు ఒకప్పుడు దీన్ని వాడారు. ఇంకొక రోగమున్నది. పశువుల్లో ఉండే ఒక దారపు పురుగు పిల్లలను దోమ మోసుకొచ్చి మేకలో వదిలితే, అవి వెన్నుపాములోకి పోతాయి. మేక నడుము పడిపోయి వెనుక కాళ్ళు ఈడుస్తుంది. ఆసియా దేశాల్లో దీనికి కూడా ఈ మందునే ఇస్తూ వచ్చారు. పిల్ల కాళ్ళు ఈడిస్తే గాలి సోకిందని అనుకోకుండా, దోమలు రాకుండా పొగ పెట్టి, డాక్టరుకు చూపాలి.

ఇప్పుడు పేగు పురుగులకు వేరే మందులొచ్చాయి. అయితే ఒక నియమం మారలేదు. ఎంత బరువుకు ఎంత మందు అన్న లెక్క. కంటితో చూసి తక్కువ పోస్తే బలహీనమైన పురుగు చచ్చి బలమైనది మిగులుతుంది, దాని సంతానమే ఇల్లంతా నిండుతుంది. కొన్నాళ్ళకు ఏ మందూ పనిచేయదు. ఎక్కువ పోస్తే పిల్ల చస్తుంది. పత్తి తూచే కాంటా ప్రతి ఊళ్ళో ఉన్నది, గోనెసంచిలో పిల్లను కూర్చోబెట్టి తూచండి. ఆ బరువు చీటీ మీద రాసుకుని దవాఖానకు పోండి. వీలైతే పిడికెడు తాజా పెంటికలు కూడా పొట్లం కట్టి తీసుకుపోయి పరీక్ష చేయమని అడగండి. ఏ పురుగు ఉన్నదో తెలిస్తే ఏ మందో తెలుస్తుంది.

గడ్డినేలలో దొరికిన మందు

పెన్సిలిన్ వచ్చాక మట్టిలోని సూక్ష్మజీవుల్లో ఇంకెన్ని మందులున్నాయో అని వెతుకులాట మొదలైంది. 1944లో లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి చేర్చుకున్నారు. ఆయనకు అప్పటికి డెబ్బై దాటాయి, విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన మనిషి. ఊరూరి నుంచి మట్టి తెప్పించి పరీక్షించాడు. 1945లో మిస్సోరి విశ్వవిద్యాలయం వారి శాన్‌బార్న్ క్షేత్రం నుంచి మట్టి వచ్చింది. అది 1888 నుంచి వ్యవసాయ ప్రయోగాలు జరుగుతున్న నేల. పశువుల మేతకు గడ్డి పెంచే మడి నుంచి తీసిన ఆ మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. అది తయారుచేసే పదార్థం ఎన్నో రకాల క్రిములను అణచింది. దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. మేము విప్పిన క్యాప్సూల్‌లోని పసుపుపచ్చ పొడి ఆ వంశంలోదే.

1948 జులైలో ఆ మందును శాస్త్రవేత్తల సభలో ప్రకటించారు. మూడు వారాలైనా నిండకముందే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. వయసు 53. అమెరికాకు పోయిన తరువాత ఆయన మళ్ళీ ఈ నేల మీద అడుగు పెట్టలేదు. 1946 చట్టంతో భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలొచ్చినా తీసుకోలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. పెళ్ళైన మూడేళ్ళకే సముద్రం దాటిన భర్త కోసం భార్య శేషగిరి ఇరవయ్యారేళ్ళు ఎదురుచూసింది. గొప్పవాళ్ళ కథల్లో ఇట్లాంటి ఆడవాళ్ళకు ఒక వాక్యం కన్నా ఎక్కువ రాయరు. ఆ చదువుకు, ఆ పేరుకు ఆమె కూడా వెల కట్టిందని గుర్తుపెట్టుకోవాలి.

పేటెంట్ల కోసం, పేరు కోసం ఆయన పాకులాడలేదు. కింద పనిచేసినవాళ్ళ పేర్లు ముందుకు తెచ్చి తాను వెనుక నిలబడ్డాడు. నోబెల్ రాలేదు. 1995లో, శత జయంతి ఏడాదిలో, మన తపాలా శాఖ ఒక బిళ్ళ వేసింది. 1994లో సూరత్‌లో ప్లేగు అన్న భయం పుట్టినప్పుడు జనం చేతుల్లోకి వచ్చిన గోలీలు టెట్రాసైక్లిన్లే. వాటిని మింగినవాళ్ళలో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఎందరో చెప్పలేం.

ఆయన పోయాక జరిగింది

అదే లెడర్లీలో ఇంకొక సంగతి బయటపడింది. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లల దాణాలో కలిపితే అవి తొందరగా బరువు పెరుగుతున్నాయని థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ గమనించారు. 1950లో అది ప్రపంచానికి తెలిసింది. ఇంకేం, రోగం లేని కోళ్ళకు, పందులకు, దూడలకు రోజూ దాణాలో మందు కలపడం పెద్ద వ్యాపారమైంది. రోగి ప్రాణం కోసం పుట్టిన మందు లాభం కోసం మేత అయింది. ఫలితం ఏమిటి? కొద్దికొద్దిగా రోజూ మందు తిన్న క్రిములు దానికి అలవాటుపడ్డాయి, మనిషికి రోగమొచ్చినప్పుడు మందు పనిచేయడం మానింది. చివరికి ఐరోపా దేశాలు 2006 నుంచి బరువు కోసం దాణాలో ఇట్లాంటి మందులు కలపడాన్ని ఆపేశాయి. మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందుల విషయంలో అమెరికా 2017లో ఆ పని చేసింది. మన దేశం 2019లో కొలిస్టిన్ అనే మందును జంతువుల దాణాలో నిషేధించింది.

అంత పెద్ద కంపెనీలు చేసిన తప్పుకూ, కమాన్‌పూర్‌లో మేము చేసిన తప్పుకూ పోలికేమిటని అడగవచ్చు. వాళ్ళది లాభం, మాది అజ్ఞానం. కాని రెండు చోట్లా రోగమేదో చూడకుండానే మందు పడింది. నెమరువేసే మేకకు ఈ పొడి నోట్లో పోస్తే అది పెద్దపొట్టలోని సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. అప్పుడు మేత అరగదు, విటమిన్లు తయారుకావు. ఊపిరితిత్తులు చెడినప్పుడో, గిట్టలు కుళ్ళినప్పుడో ఈ జాతి మందు మేకకూ ప్రాణం పోస్తుంది, నిజమే. అది డాక్టరు బరువు చూసి వేసే సూది. ఎన్ని రోజులు అంటే అన్ని రోజులు వేయించాలి, సగంలో ఆపకూడదు. ఆ మేక పాలు, మాంసం ఎన్నాళ్ళు వాడకూడదో కూడా అడిగి తెలుసుకోవాలి.

మేకపిల్లను తెచ్చిన ఇంట్లో

కొనే ముందు పిల్ల చురుకుగా ఉన్నదా, కళ్ళు, ముక్కు కారుతున్నాయా, తోక కింద అంటుకుని ఉన్నదా, బొడ్డు వాచి ఉన్నదా చూడండి. తెచ్చినాక మూడు వారాలు మీ మేకలకు దూరంగా కట్టండి, దాని నీళ్ళ గిన్నె కూడా వేరే పెట్టండి. ఎండలో, ఆటోలో వచ్చిన పిల్లకు మొదట నీళ్ళు, ఎండుగడ్డి చాలు. అమ్మినవాళ్ళు ఏం మేపారో అడిగి అదే పెడుతూ, వారం పది రోజుల్లో మెల్లగా మీ మేతకు మార్చండి. కింద తడి లేకుండా బల్ల గాని, ఎండు ఆకులు గాని వేయండి. చలిగాలి తగలొద్దు, అట్లని పొగ నిండిన మూలలో కట్టొద్దు. ఓపెన్‌కాస్టుల పక్క ఊళ్ళలో ఆకు మీద దుమ్ము పేరుకుంటే దులిపి, కడిగి వేయండి.

పారుడు పడితే మందు కన్నా ముందు నీళ్ళు పోకుండా చూడాలి. కాచి చల్లార్చిన నీళ్ళలో చిటికెడు ఉప్పు, కొంచెం బెల్లం కలిపి కొద్దికొద్దిగా పట్టండి. తల ఎత్తిపట్టి గొంతులో గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పారుడుతో పాటు జ్వరం, నోటి పుండ్లు, కళ్ళూ ముక్కూ కారడం ఉంటే అది పి.పి.ఆర్. కావచ్చు, మందంతా తుడిచిపెట్టుకుపోతుంది. మన దేశంలో 1987లో తమిళనాడులో మొదట బయటపడిన వైరస్ రోగం ఇది. వైరస్‌ను ఏ పసుపుపచ్చ పొడీ చంపదు. మూడు నెలలు నిండిన పిల్లకు ముందే టీకా వేయిస్తే మూడేళ్ళ దాకా కాపు ఉంటుంది. చిటుక రోగానికి ఏటా తొలకరి ముందు టీకా వేయించాలి. సాయంత్రం గెంతిన పిల్ల తెల్లారి చచ్చి పడి ఉండే రోగమది, వచ్చాక మందుకు టైము ఇవ్వదు.

ఇవన్నీ ఒక్క కుటుంబం తెలివితో అయ్యే పనులు కావు. 2017లో రాష్ట్రంలో 75 శాతం సబ్సిడీతో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు అది గొల్ల కురుమ సొసైటీల సభ్యుల కోసం పెట్టిన పథకం. అది వాళ్ళకు న్యాయమే. కాని భూమి లేని కూలి మనిషి అప్పు చేసి కొనే ఒక్క మేకపిల్ల ఏ పద్దులోకీ రాలేదు. ప్రతి మండలంలో డాక్టరు ఖాళీ లేకుండా ఉండాలి, పెంటికల పరీక్ష జరగాలి, టీకాల తేదీలు గ్రామ పంచాయతీ గోడ మీద ముందే రాయాలి. కూలి రేట్ల కోసం అడిగినట్టే వీటిని కూడా గ్రామసభలో అడుగుదాం. మందుల దుకాణంలో చీటీ లేకుండా అమ్మితే కొనబోమని మనకు మనం కట్టుబాటు చేసుకుందాం.

రాత్రిళ్ళు దవాఖానలో పాత్రలు కడిగిన మనిషి పగలు నీలం రంగు చిక్కదనాన్ని కొలిచాడు. ఆయన చేసిన మందులు మనకు చేరాయి, ఆ కొలత అలవాటు కూడా చేరాలి. ఆ కుటుంబం కోసం సంఘం వాళ్ళమంతా తలా ఇంత వేసుకుని ఇంకొక పిల్లను కొనిపించాం. ఈసారి మేము ఏ మందూ చెప్పలేదు. పత్తి కాంటా మీద తూచాం, తొమ్మిది కిలోలున్నది. ఆ ఇంటి పెద్దపిల్ల నోటుబుక్కులో తేదీ, బరువు, రెప్ప రంగు రాసింది. వారం వారం రాస్తున్నది.